అరుగు మీద పనిచేయని మెషీను

మా వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పడిన ప్రతిసారీ పక్కగదిలో ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఎర్రబడుతుంది. అప్పటిదాకా ఆకుపచ్చగా ఉన్న దీపం కాస్తా పసుపై, ఎరుపై, లోపల ఫ్యాను గయ్యిమని లేస్తుంది. "చూశావా, నా పోపంటే దానికి పడదు" అంటారు మా అత్తయ్యగారు గరిటెతో గుమ్మంలోకి వచ్చి. "అంత పెద్ద ఇసుక లారీ వీధిలోంచి పోయిందా, ఉలకలేదు పలకలేదు. ఇంట్లోవాళ్ళ మీదే దాని ప్రతాపమంతా."

మెషీను తరఫున నేను జవాబు చెప్పేదాన్ని. లారీ దుమ్ము గదిలోకి కొంచెం కొంచెంగా చేరుతుంది, పోపు ఘాటు ఒక్కసారిగా కమ్ముకుంటుంది, దుమ్ము ఎవరిదో సెన్సరుకి తెలియదు అని. స్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి ఇలాంటివి విడమర్చడం నాకు సరదా కూడా. కానీ ఏడాదిన్నరగా దానితో కాపురం చేశాక, ఆవిడ మాటలో సగం నిజముందని ఒప్పుకోక తప్పట్లేదు.

మాది రావులపాలెం. చెన్నై, కోల్‌కతా హైవే పక్కన. దానికి పదహారో నంబరు ఇచ్చి ఏళ్ళు గడిచాయి గానీ మా ఇంట్లో ఇంకా ఐదో నంబరు హైవేనే. జొన్నాడ దగ్గర గౌతమి దాటిన బళ్ళు, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటిన బళ్ళు మా ఊరి మీదుగా పోవాల్సిందే. అమలాపురం వైపు కోనసీమలోకి చీలే దారీ ఇక్కడే. అరటి గెలలు, కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు, ఇటుక, ఇసుక, ఐసునీళ్ళు కార్చుకుంటూ పోయే రొయ్యల వ్యాన్లు. రాత్రిపూట బ్రేకు చప్పుడు విని, అది లోడు బండో ఖాళీదో మావయ్యగారు మంచం మీంచి లేవకుండానే చెప్పేవారు.

ఇల్లు ఆయన తండ్రిగారు కట్టించిన పెంకుటిల్లు. వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉంటాయి. వీధిలో నిలబడితే పెరట్లో నుయ్యి కనబడుతుంది. పైరగాలి ఒక గుమ్మంలో దూరి రెండో గుమ్మంలోంచి పోవడానికి కట్టిన ఇల్లది. ముందు అరుగు. అత్తయ్యగారు పొద్దున్న కాఫీ నుంచి రాత్రి ఎనిమిది దాకా, వంట వేళ తప్పించి, ఉండేది ఆ అరుగు మీదే. బియ్యం ఏరుకోవడం, చింతపండు గింజ తీయడం, వచ్చేపోయేవాళ్ళని పలకరించడం అన్నీ అక్కడే. పక్కన మేము తర్వాత వేసుకున్న శ్లాబు గది ఒకటుంది. ఏసీ ఉన్నదీ, తలుపులు సరిగ్గా పడేదీ ఆ గదికే. మెషీను అందులో ఉంటుంది.

దాన్ని కొన్నది మా బాబు కోసం. వాడికి తొమ్మిదేళ్ళు. నాలుగో ఏట నుంచి చలికాలం వస్తే పిల్లికూతలు. నెబ్యులైజరు ఆడుతుంటే దాని బుడబుడ చప్పుడు లెక్కపెడుతూ తెల్లవార్లూ కూర్చున్న రాత్రులు ఎన్నో. "మందులు మందులే, ఇంట్లో దుమ్ము, పొగ తగ్గించే మార్గం చూడండి" అన్నారు డాక్టరుగారు. హైవే పక్కన కాపురం చేసేవాళ్ళతో ఆ మాట అనడం ఏటి పక్కన కూర్చున్నవాణ్ణి తడవకు అన్నట్టే ఉంటుంది గానీ, ఆయన మాత్రం ఏం చేస్తారు. పదకొండు వేలు పెట్టి కొన్నాం.

వారంలోపే ఒక పరీక్ష చేశాను. మొదటి రాత్రి కిటికీలు తీసే ఉంచి ఫుల్ స్పీడులో పెట్టాను. తెల్లారేదాకా దాని మీద పీఎం 2.5 నంబరు, అంటే గాల్లో తేలే అతిసన్నని దుమ్ము లెక్క, డెబ్బై దగ్గరే ఊగిసలాడింది. రెండో రాత్రి తలుపూ కిటికీలూ మూసి, తలుపు కింది సందులో పాత లుంగీ కుక్కాను. అరగంటలో పదిహేనుకి దిగింది. ఆశ్చర్యమేమీ లేదు. గది 12 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు. అంటే దాదాపు 37 ఘనమీటర్ల గాలి. ఆ గాలంతా గంటకి ఐదుసార్లు జల్లెడలోంచి పోవాలంటే గంటకి 187 ఘనమీటర్లు తోడాలి. పెట్టె మీద సీఏడీఆర్ (మెషీను గంటకి ఇచ్చే శుభ్రమైన గాలి) అని ఉండేది ఈ లెక్కే. మా దానికి 250 అని రాసుంది. చాలినట్టే కనిపిస్తుంది, కానీ ఆ 250 ఫుల్ స్పీడు లెక్క. ఆ రొదలో చిన్నపిల్లలే పడుకోగలరు. స్లీప్ మోడ్‌లో పెడితే చప్పుడుండదు, తోడేదీ అంతంతమాత్రమే. అప్పుడెంతో పెట్టె మీద ఎక్కడా లేదు. కొనేటప్పుడు షాపువాడు స్లీప్ మోడ్‌లో వినిపించాడు, ఫుల్ స్పీడు నంబరు చదివి వినిపించాడు.

ఇంకో మాట. హెపా జల్లెడ 0.3 మైక్రాన్ల కణాల్ని నూటికి 99.97 ఆపుతుందన్నది నిజమే. మన తల వెంట్రుక 50 నుంచి 70 మైక్రాన్ల మందం ఉంటుంది, దాంతో పోల్చుకోండి. (పెట్టె మీద 'హెపా టైప్' అని ఉంటే మాత్రం అది హెపా కాదు, హెపా పోలిక.) కానీ హెపా ఆపేది రేణువుల్నే. డీజిల్ పొగలో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువులు అందులోంచి దర్జాగా పోతాయి. వాటికోసం బొగ్గు పొర వేరే ఉండాలి. చవక మెషీన్లలో అది వేలెడు మందం కూడా ఉండదు. అందుకే నంబరు పదికి దిగినా డీజిల్ వాసన వస్తూనే ఉంటుంది. నంబరు చూసి ఊపిరి పీల్చుకోవాలా, ముక్కు చెప్పింది నమ్మాలా అని మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను.

అసలు చిక్కు కిటికీ దగ్గరుంది. మెషీను పనిచేయాలంటే కిటికీ మూయాలి. మా గోదావరి జిల్లాల్లో ఏప్రిల్ నెలలో కిటికీ మూసి ఫ్యాను కింద కూర్చుంటే పావుగంటలో చొక్కా పిండుకోవచ్చు. కాబట్టి కిటికీ మూయాలంటే ఏసీ ఉండాలి. ఏసీ ఉంటే కరెంటు ఉండాలి, పోతే ఇన్వర్టరు ఉండాలి. మెషీను ఒక్కటీ తినే కరెంటు పెద్దదేం కాదు, మాది 45 వాట్లు, పది గంటలు ఆడితే రోజుకి అర యూనిట్టు కూడా కాదు. కానీ పదకొండు వేల మెషీను వెనకాల ఇన్ని ఉంటాయని ఎవరూ చెప్పరు. పైగా నలుగురం ఆ మూసిన గదిలో పడుకుంటే తెల్లారేసరికి తల దిమ్ముగా ఉంటుంది. ఏసీ బయటి గాలి తెస్తుందనీ, ప్యూరిఫయర్ ఆక్సిజన్ ఇస్తుందనీ మా వీధిలో గట్టి నమ్మకం ఉంది. రెండూ తప్పే. రెండూ లోపలి గాలినే తిప్పితిప్పి పంపుతాయి. మనం వదిలిన బొగ్గుపులుసు వాయువు అందులోనే ఉంటుంది. అందుకని తెల్లవారుజామున ఒక కిటికీ రెక్క తీస్తాను. తీయగానే నంబరు ఎగబాకుతుంది. ఆ సమయంలో దాని వైపు చూడకపోవడం అలవాటు చేసుకున్నాను.

మెషీను వచ్చిన కొత్తలో చూడ్డానికి వచ్చినవాళ్ళు తక్కువేం లేరు. ఎదురింటి తాతగారు నలభై ఏళ్ళు లారీ తోలినాయన. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అంటే మా లారీల మీద కేసెట్టినట్టేగా అమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వులో కాస్త మంట ఉంది. ఆయన ఇల్లు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు, అన్నీ ఆ స్టీరింగు మీద వచ్చినవే. మా ఊరి అరటి యార్డులో గెలలు లారీ ఎక్కకపోతే లంకల్లో రైతు గెల కొట్టి లాభం లేదు. లారీని తిట్టుకుంటూ లారీ మీద బతికే ఊరు మాది. ఈ సంగతి మర్చిపోయి ఎవరైనా కాలుష్యం గురించి మాట్లాడితే మా వీధిలో వినరు. వినకపోవడం సబబే.

హైవే పక్కన పూతరేకుల దుకాణం నడిపే ఆవిడ ఇంకోలా చూసింది. ఆత్రేయపురం నుంచి రోజూ సరుకు తెచ్చుకుని, అద్దాల పెట్టెలో సర్దుకుని, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి పది దాకా రోడ్డు మార్జిన్లోనే ఉంటుంది. "రేకు మీద దుమ్ము పడకుండా అద్దం ఎట్టుకున్నానండి, ఆయ్. నాకెవరెడతారు అద్దం?" అని నవ్వేసింది. అడిగింది మెషీను ధర కాదు, "దుకాణంలో పనిచేస్తుందాండి?" అని. పనిచేయదని చెప్పాను. మరి ఎందుకండీ అన్నట్టు చూసింది. నిజమే, మా వీధిలో ఆ గాలి అందరికంటే ఎక్కువ పీల్చేవాళ్ళెవరూ గదిలో ఉండరు. పంక్చర్లు వేసే కుర్రాడు, టీ కొట్టు, ఆటోస్టాండు, స్కూలుకి నడిచిపోయే పిల్లలు. ట్రాఫిక్ పొగ ప్రభావం రోడ్డు నుంచి 300, 500 మీటర్ల దాకా గట్టిగా ఉంటుందని అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2010లో తేల్చింది. ఆ దూరం మా ఊళ్ళో కొలిస్తే బజారంతా అందులోకే వస్తుంది.

రాజమండ్రిలో మా స్నేహితురాలు ఒకామె ఉంది. అపార్టుమెంటులో ఏడో అంతస్తు, రోడ్డుకి చాలా లోపలికి. ఇంట్లో ఎవరికీ ఆయాసం లేదు. హాల్లో సోఫా పక్కన ఒకటి, బెడ్రూంలో ఒకటి. వచ్చినవాళ్ళకి కాఫీకంటే ముందు నంబరు చూపిస్తుంది. తన డబ్బు తన ఇష్టం, నాకేం కోపం లేదు. కాకపోతే హాల్లో పెట్టిన ప్యూరిఫయర్‌ని చూస్తే నాకు హాల్లో పెట్టిన నెబ్యులైజరులా అనిపిస్తుంది. రోగి ఉన్న గదిలో ఉండాల్సిన వస్తువు అది. పైగా హాలు తలుపు రోజంతా తీసి మూస్తూనే ఉంటారు.

నంబరు సంగతి కూడా చెప్పాలి, దాని చుట్టూనే సగం భయం, సగం ధైర్యం తిరుగుతున్నాయి. మన దేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజు సగటు ఘనమీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మా మెషీను 50 లోపుంటే ఆకుపచ్చ చూపిస్తుంది. అంటే అదే గాలి ఒక లెక్కలో పాసు, ఇంకో లెక్కలో మూడింతలు ఫెయిలు. దీపం రంగు కంపెనీ ఇష్టం. ఇక మంచు. ధనుర్మాసంలో కాలువల మీంచి మంచు దిగినప్పుడు లేజరు సెన్సరు తేమ బిందువుల్ని కూడా దుమ్ము కింద లెక్కేసుకుంటుంది. అలాంటి ఒక తెల్లవారుజామున 210 చూసి వాణ్ణి స్కూలు మాన్పించాను. ఎండెక్కేసరికి 80. వాడు హాయిగా క్యారమ్స్ ఆడుకున్నాడు.

ఇంత చెప్పాక, వాడికి తగ్గిందా అని అడుగుతారు. పోయిన చలికాలంలో నెబ్యులైజరు తీసింది రెండుసార్లే. అంతకుముందు ఏడాది లెక్కపెట్టడం మానేశాను. ఆ తేడా అంతా మెషీనుదే అని మాత్రం అనను, ఎందుకంటే దానితోపాటే ఇంట్లో ఇంకో పని చేశాం. దోమలబత్తి మానేశాం. డెల్టాలో కాలువ పక్క ఇళ్ళకి సాయంత్రం ఆరైతే దోమల సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి గదిలో ఒక బత్తి చుట్ట మంచం కింద కాలుతూ ఉండేది. ఒక్క బత్తి పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో ఒక పరిశోధన చెప్పింది. అది చదివిన రోజు నా పెళ్ళినాటి దోమతెర అటక మీంచి దించాను. అంటే లారీని తిట్టుకుంటూ మంచం కింద మేమే పొగ పెట్టుకున్నాం ఇన్నేళ్ళూ. పదకొండు వేలు ఖర్చుపెట్టాలనుకునేవాళ్ళు ముందు ఈ పని చేయండి, పైసా ఖర్చు లేదు. ఈ విషయంలో అత్తయ్యగారు నాకంటే ముందున్నారు. దోమతెర మానేసి బత్తి పెట్టుకోవడం మా తరం తెలివి.

మొక్కల గురించి కూడా అడుగుతారు. కడియం నర్సరీల్లో ఈమధ్య స్నేక్ ప్లాంట్లు, పీస్ లిల్లీలు 'గాలిని శుద్ధి చేసే మొక్కలు' అని విడిగా పెట్టి అమ్ముతున్నారు. ఆ మాట 1989లో నాసా చేసిన ఒక ప్రయోగం నుంచి వచ్చింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో, కొన్ని రసాయన వాయువుల మీద చేసింది. లారీ దుమ్ము అందులో లేదు, మన ఇల్లూ అలాంటి పెట్టె కాదు. మొక్కలు కొనుక్కోండి, నేనూ కొన్నాను, కళ్ళకి చల్లగా ఉంటాయి. ఆకుల మీద దుమ్ము తుడుచుకోవడం అదనపు పని.

ఐదో నెలలో ఫిల్టరు మార్చాను. ఏడాది వస్తుందని పెట్టె మీద రాసుంది. అది ఏ ఊళ్ళో రాశారో మరి. పాత న్యూస్ పేపరు పరిచి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, వెనక మూత తీశాను. లోపల జల్లెడ పూతరేకు మడతల్లా సన్నగా, దగ్గర దగ్గరగా మడిచి ఉంటుంది. కొన్నప్పుడు ఆ మడతలు మల్లెపువ్వులా ఉన్నాయి. ఇప్పుడు పైన దూదిలాంటి బూజు, దాని కింద పెనం అడుగులా నలుపు. మట్టిరంగు ఉంటుందనుకున్నాను, ఇది మట్టి కాదు. వేలితో ముట్టుకుంటే కాటుకలా అంటుకుంది, సబ్బుతో రెండుసార్లు కడిగితేగాని వదల్లేదు. అత్తయ్యగారు అరుగు దిగి వచ్చి, వంగి, చాలాసేపు చూశారు. "ఇదంతా వాడి గుండెల్లోకి పోయేదేనా?" అన్నారు. కొంత పోయేది అన్నాను. "మరి నాది?" అని అడగలేదు ఆవిడ. నేనే అనుకున్నాను.

ఆవిణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టాలని నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. టీవీ అక్కడికి మార్చాను. పడక కుర్చీ వేశాను. పది నిమిషాలు కూర్చుని లేచి వెళ్ళిపోతారు. "అందులో గాలి బాగానే ఉందమ్మా, మనిషి అలికిడే లేదు" అంటారు. మొదట్లో మొండితనం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. డెబ్భై రెండేళ్ళ మనిషికి అరుగు మీదే ఊరు. ఎవరింట్లో ఎవరికి బాగాలేదు, ఎవరి అమ్మాయి వచ్చింది, అరటి ధర ఎంత పలికింది, అన్నీ అక్కడికే వస్తాయి. శుభ్రమైన గాలి కోసం ఆవిణ్ణి అందులోంచి లేపి మూసిన గదిలో కూర్చోబెడితే, ఊపిరితిత్తులకి మంచి చేసి మనిషిని చెరబెట్టినట్టవుతుంది. ప్యూరిఫయర్ అంటే పెదవి విరిచేవాళ్ళని సైన్సు తెలియనివాళ్ళుగా చూస్తాం. వాళ్ళు చెప్పేది వేరే సంగతి. కిటికీ, గుమ్మం, అరుగు వదులుకోమంటే మేం వదులుకోం అంటున్నారు.

అందుకే ఎవరైనా కొనమంటారా అని అడిగితే ఇలా చెబుతున్నాను. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో, గుండె జబ్బు మనిషో ఉండి, తలుపులు సరిగ్గా పడే గది ఒకటుంటే కొనుక్కోండి, అప్పు చేయకుండా కుదిరితేనే. అయిదారు నెలలకోసారి ఫిల్టరు ఖర్చు, మాకు 2,600, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. లేకపోతే మానేయండి, పిల్లలకి అన్యాయం చేశామని కుమిలిపోకండి. ఎందుకంటే గదిలో పదిహేనుకి దించిన గాలి పొద్దున్న గుమ్మం దాటగానే అయిపోతుంది.

బయటి గాలి మీద చేయగలిగింది లేదని కాదు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళన్నీ బీఎస్-6వే, వాటి పొగ బాగా తక్కువ. కానీ పాత బళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. అదీగాక టైర్లు అరిగిన పొడి, బ్రేకుల పొడి, రోడ్డు మీంచి లేచే దుమ్ము సైలెన్సర్లోంచి రావు, రేపు అన్నీ కరెంటు బళ్ళైనా అవి ఆగవు. మా దగ్గర వచ్చేదాంట్లో ఎక్కువ పాలు పట్టా (టార్పాలిన్) కట్టని ఇసుక లారీలది, తారు అంచు దాటిన మట్టి మార్జిన్‌ది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టే పది రోజులు వేరే. జాతీయ స్వచ్ఛ గాలి పథకం కింద మన రాష్ట్రంలో పదమూడు నగరాలున్నాయి, రాజమండ్రి అందులో ఒకటి. మాది నగరం కాదు కాబట్టి మా లారీలు ఏ పథకంలోనూ లేవు.

పోయిన వేసవిలో మా వీధి వాళ్ళం పదకొండు మందిమి సంతకాలు పెట్టి ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్ళాం. రెండే కోరికలు. ఇసుక లారీలకి పట్టా కట్టించాలి, స్కూలు ముందు మార్జిన్‌కి సిమెంటో తారో వేయించాలి. లారీ తాతగారు కూడా సంతకం పెట్టారు, "పట్టా కట్టడం మా రోజుల్లో కూడా ఉంది, బద్ధకం అంతే" అని. ఆఫీసులో కుర్చీలో ఉన్నాయన కాగితం చదివి, మంచినీళ్ళు ఇప్పించి, మర్యాదగానే అన్నాడు: "కిటికీలు మూసుకోండమ్మా. ఇప్పుడు ఇళ్ళల్లోకి మెషీన్లు కూడా వస్తున్నాయి కదా."

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో ఉన్న మెషీనే ఆయన నోట్లోంచి నాకు జవాబు చెబుతున్నట్టు అనిపించింది. పూతరేకులావిడ నా వైపు చూసింది. ఆటోలో తిరిగొస్తుంటే ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే అత్తయ్యగారు చేటలో బియ్యం చెరుగుతూనే విన్నారు. అంతా అయ్యాక, "ఆ నల్లటి జల్లెడ పారేశావా?" అని అడిగారు. లేదు, కవర్లో కట్టి పెరట్లో పెట్టానన్నాను. "పారేయకు. ఈసారి కాగితంతోపాటు అదీ పట్టికెళ్ళు. ఆయన బల్ల మీద పేపరు పరిచి ఎట్టు" అన్నారు.

అది ఇప్పుడు బట్టల కొట్టు కవర్లో, పాత దోమతెర ఉండే చోట, అటక మీద ఉంది. సంక్రాంతి దాటాక ఇప్పుడున్నదీ మార్చాలి. ఈసారి అర్జీ మీద సంతకాలు పద్నాలుగయ్యాయి.